సగంలో దిగిపోయిన కథ

ఆమదాలవలస స్టేషన్ బయట ఆటో అతను నాలుగు వందలు అడిగాడు. బోర్డు మీద 'శ్రీకాకుళం రోడ్' అని రాసి, అసలు శ్రీకాకుళానికి పదమూడు కిలోమీటర్ల ఇవతల దింపే స్టేషన్ ఇది. ఆ 'రోడ్' అన్న మాటకే నాలుగు వందలన్నమాట. రాత్రంతా గుంటూరు నుంచి సైడ్ అప్పర్‌లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని వచ్చానేమో, బేరమాడే ఓపిక లేదనుకున్నాను. అంకె వినేసరికి ఎక్కడ లేని ఓపికా వచ్చింది. నాలుగడుగులు ముందుకు వేస్తే షేర్ ఆటో. మనిషికి ముప్పై.

వెనక ఎదురెదురు సీట్లు. నలుగురు ఆడవాళ్లు, కాళ్ల దగ్గర కొబ్బరికాయల సంచి, వాళ్ల మధ్య ఇరుక్కుని నేను. ఆదివారం కదా, వాళ్లంతా అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి. నా ప్రయాణం కథానిలయం అనే కథల లైబ్రరీ వార్షికోత్సవానికి. పదేళ్లుగా ప్రతి ఫిబ్రవరిలోనూ వెళ్దామనుకోవడం, బ్రాంచిలో మార్చి నెలాఖరు టెన్షన్ మొదలైందని మానుకోవడం. ఈసారి మేనేజరు మొహం చూడకుండా సెలవు చీటీ పెట్టి వచ్చేశాను.

"కథానిలయం దగ్గర దింపుతావా?" అన్నాను డ్రైవరుతో.

"అదెక్కడండి?"

"విశాఖ ఏ కాలనీ."

"అలా సెప్పండి మరి."

నాకు ఉసూరుమనిపించింది. ఒక పెద్దాయన తనకు వచ్చిన అవార్డు డబ్బులు తెచ్చి ఈ ఊళ్లో ఒక కాలనీలో కథల కోసమే ఒక ఇల్లు కట్టాడు. గుంటూరులో కూర్చున్న నాకు దాని తలుపు రంగుతో సహా ఊహ ఉంది. ఇక్కడి ఆటో అతనికి పేరైనా తెలియదు. ఆ మాటే పైకి అనబోయి ఆగాను. మా ఊళ్లో లైబ్రరీ ఎక్కడుందో మా ఆటోవాళ్లకు మాత్రం తెలుసా?

ఎదురుగా కూర్చున్నావిడ అందుకుంది. యాభై అయిదేళ్లుంటాయేమో. మోచేతి దాకా గాజులు, ఒళ్లో పూలబుట్ట.

"కథలు సెప్తారేటి బావూ అక్కడ? హరికథలా, బుర్రకథలా?"

హరికథకు పేరు తెచ్చిన ఆదిభట్ల నారాయణదాసు పుట్టిపెరిగిన ప్రాంతం ఇది. ఆవిడ తప్పేం లేదు. "కాదమ్మా, రాసిన కథలు. పుస్తకాల్లో ఉంటాయే, అవి. వాటి గురించి మాట్లాడతారు, కొందరు చదువుతారు కూడా" అన్నాను.

"రాసీసినవి మల్లీ సెప్పడమెందుకూ?"

పక్కనున్న ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ జవాబు దొరకలేదు. అదే ప్రశ్న ఆ రోజు సభలో ఓ రెండుసార్లు మళ్లీ గుర్తొచ్చింది.

"నాకాడా ఉందొక కథ" అని మొదలుపెట్టింది. అడగను కూడా అడగలేదు నేను.

వాళ్లది నాగావళి ఒడ్డు ఊరు. పెళ్లయిన కొత్తల్లో ఇంట్లో ఒక గేదె ఉండేదట. రెండో ఈత గేదె, పూటకి నాలుగు లీటర్లిచ్చేది. మరిది చదువుకో, ఆడపడుచు పెళ్లికో డబ్బు అవసరమై అత్తగారు దాన్ని ఏటి అవతల సంతలో అమ్మేసింది. "మా అత్త ఏడవనేదు. ఒక్క సుక్క రానేదు. డబ్బులు కొంగున ముడేసీసుకుని నడిసొచ్చీసినాది." వానాకాలం, ఏరు నిండుగా ఉంది. ఆ రాత్రి ఎప్పుడో కొట్టం దగ్గర చప్పుడైతే, దొంగలనుకుని మామగారు కర్ర పట్టుకుని వెళ్లాడు. గేదె. ఒళ్లంతా తడి, కొమ్ముకు గుర్రపుడెక్క తీగ చుట్టుకుని ఉంది. ఏరు ఈదుకుని వచ్చేసింది.

ఇక్కడ ఆవిడ ఆగి, పూలబుట్ట పక్కావిడ ఒళ్లో పెట్టింది. చేతులు ఖాళీ కావాలన్నమాట. రెండు చేతులతో గేదె తల ఎలా ఊపిందో చూపించింది. ఆటో గతుకుల్లో ఎగురుతోంది, ఆవిడ చేతులు మాత్రం నీళ్లలో ఉన్నాయి.

తెల్లారేసరికి కొన్నవాడు పడవ దాటి వచ్చాడు, మెడలో తాడు వేసుకుని. "గేదెనివ్వు" అన్నాడు. అత్తగారు "తోలుకుపో, నానేటి వద్దన్నానా?" అంది. తోలితే కదిలిందా? నాలుగు కాళ్లూ పాతేసినట్టు నిలబడింది. ఊరంతా చేరింది. అప్పుడు కొన్నవాడు చూరు కింద వేలాడుతున్న పాత పలుపు చూశాడు.

నాకు గబుక్కున మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో కూడా పశువును అమ్మితే పలుపు ఇచ్చేవాళ్లు కాదు. కొన్నవాడు తన తాడు తెచ్చుకోవాల్సిందే. పలుపుతో పాటు ఇస్తే ఇంట్లో పాడి వాళ్ల వెంట పోతుందనేది నాయనమ్మ. మా పాత ఇల్లు పడగొట్టినప్పుడు దూలానికి తగిలించి ఏడెనిమిది పలుపులు దొరికాయి, కొబ్బరి పీచు మెత్తగా అరిగిపోయి, పశువుల మెడల నూనెతో నల్లగా మెరుస్తూ. మా నాన్న వాటిని ఏం చేశాడో అడగలేదు.

"'ఆ పలుపు కోసమే వచ్చీసినాది ఇది. పలుపిస్తే గాని ఎల్లదు. ఇచ్చీ' అన్నాడు బావూ ఆడు. మా మామ మొకం మా అత్త ఎంక, మా అత్త మొకం సూరెంక..."

"అరసవల్లోలు దిగిపోండి, ఇక్కడ మారాల" అన్నాడు డ్రైవరు.

నలుగురూ కొబ్బరికాయలతో సహా దిగిపోయారు. నేను తల బయటికి పెట్టి "తరవాతేమైందమ్మా? ఇచ్చిందా?" అని అరిచాను. "లైను పెరిగిపోద్ది బావూ!" అంటూ ఆవిడ పూలబుట్ట నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటేసింది. దిగి వెంట పడదామా అని ఒక్క క్షణం అనిపించింది. ముప్పై రూపాయలు ముందే ఇచ్చేశానని ఆగిపోయాను. ఈ లెక్క ఎవరికి చెప్పినా నవ్వుతారు.

లాడ్జి సంగతి క్లుప్తంగా: పన్నెండు వందలు, గీజరు ఉంది, అందులోంచి వేడినీళ్లు మాత్రం రావు. బాయ్‌ని పిలిస్తే "ఎండలొచ్చేశాయి కదండీ" అన్నాడు.

కథానిలయం నేను ఊహించుకున్నదాని కన్నా మామూలు ఇల్లు. పక్కనంతా మామూలు ఇళ్లే, బట్టలు ఆరేసిన డాబాలు, ముగ్గులు, గేటు ముందు స్కూటర్లు. అదే నాకు బాగా నచ్చింది. దీన్ని కట్టిన ఆ పెద్దాయన, కథకులు కాళీపట్నం రామారావుగారికి 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1997 ఫిబ్రవరి 22న ఇది తెరిచారు. జీవితమంతా బడిపంతులుగా బతికిన మనిషి. 2021 జూన్‌లో పోయారు. ఆయన ఉన్నప్పుడు రాలేదే అన్న బాధ గేటు దగ్గరే పట్టుకుంది, లోపలికి వెళ్లాక వదిలేసింది. లోపల చూడాల్సింది అంత ఉంది. గోడల మీద కథకుల ఫొటోలు. బీరువాల్లో సంపుటాలు, ఎప్పుడో మూతపడ్డ పత్రికల పాత సంచికలు. మా ఇంట్లో అలాంటి వారపత్రికలే కట్టలు కట్టి కిలోల లెక్కన అమ్మేశాం, ఆ డబ్బులతో నేను జామెట్రీ బాక్సు కొనుక్కున్నట్టు కూడా జ్ఞాపకం. పైన ఉన్న బొమ్మ చూసి అప్పటి సంచిక ఒకటి గుర్తుపట్టాను. తీసి చూడాలనిపించి, చేతులు చెమటగా ఉన్నాయని వెనక్కి తీసుకున్నాను.

సభ గురించి అందరూ రాసేదే నేనూ రాయను. మొదటి తెలుగు కథ 1902 నాటి అచ్చమాంబదా, 1910 నాటి గురజాడదా అన్న తగువు టీ దగ్గర మొదలై టీ దగ్గరే ఆగింది, ఎప్పటిలాగే. ఒక వక్తకు పదిహేను నిమిషాలిస్తే యాభై నిమిషాలు పుచ్చుకున్నారు. వస్తువు, శిల్పం, దృక్పథం, మళ్లీ వస్తువు. కథ ముగింపు పాఠకుడి ఊహకు వదిలేయడం గొప్ప శిల్పమని ఆయన అంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. వదిలేస్తే ఎలా ఉంటుందో పొద్దున్నుంచి అనుభవిస్తున్నాను.

అయితే మధ్యాహ్నం ముందు ఒక అమ్మాయి తన కథ చదివింది. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే తల్లి కథ. ఇక్కడి భాషలోనే రాసింది. అచ్చులో ఈ యాస చూసినప్పుడల్లా నేను రెండేసి సార్లు చదువుకుంటూ తడబడేవాణ్ణి. ఆ అమ్మాయి నోట వింటుంటే ఒక్క మాటా అడ్డు తగల్లేదు. జీడిగింజ తొక్కలోంచి వచ్చే నూనె తగిలి తల్లి వేళ్లు నల్లబడి పొక్కుతాయి. కూతురి తలలో పేలు చూడటానికి ఆ వేళ్లు పనికిరావు. అది చదివేటప్పుడు అమ్మాయి కాగితం పట్టుకున్న బొటనవేలు దాచుకున్నట్టు లోపలికి మడిచింది. కావాలని చేసిందని అనుకోను. 'రాసీసినవి మల్లీ సెప్పడమెందుకూ' అన్న ప్రశ్నకు జవాబు ఇదే కావచ్చు. ఆవిడ మాత్రం అప్పటికి అరసవల్లిలో లైన్లో ఉంది.

బల్ల మీద పుస్తకాలు అమ్ముతున్నారు. నూట ఇరవై పేజీల సంపుటి రెండొందల యాభై. అంతకు రెండు ప్లేట్ల బిర్యానీ వస్తుందని లోపల మనిషి గొణిగాడు. మూడు కొన్నాను. గొణుగుడు ఆగలేదు, కొనడమూ ఆగలేదు.

భోజనంలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర. మాకు పనస అంటే పండే, లేదంటే పెళ్లిళ్లలో బిర్యానీ. ఇలా ముక్కులోకి ఘాటెక్కే కూర వీళ్లే చేయగలరు. పులుసులో బెల్లం మాత్రం నా గుంటూరు నాలుకకు పడలేదు, ఎండుమిరపకాయ కొరుక్కుని సర్దుకున్నాను. నా పక్కన రిటైరైన టీచరుగారొకరు, ఎదురుగా కథ చదివిన అమ్మాయి. ఉండబట్టలేక గేదె కథ వాళ్లకు చెప్పేశాను. ఆవిడ చెప్పినట్టు చేతులతో చెప్పబోయి పులుసు ఒలకబోశాను.

"ఇవ్వదు" అన్నారు మాస్టారు, ఆలోచించకుండా. "ఈ పక్క ఆడది పలుపు ఇవ్వదు సార్. డబ్బులన్నా వెనక్కిచ్చేస్తుంది."

"డబ్బులు వెనక్కిచ్చే పరిస్థితే ఉంటే అమ్మేదే కాదు కదండీ" అంది అమ్మాయి. "ఇచ్చే ఉంటుంది. ఇచ్చింది కాబట్టే ఆ కోడలు ఇన్నేళ్లు మోసుకు తిరుగుతోంది."

"మీరే రాసేయండి సార్, ముగింపు మీకు నచ్చినట్టు" అన్నాడు వడ్డిస్తున్న కుర్రాడు. ఇది విన్నప్పుడు చిరాకేసింది. నాకు నచ్చిన ముగింపు నాకెందుకు? ఆ రోజు పొద్దున ఆ కొట్టం దగ్గర ఏం జరిగిందో కావాలి.

సాయంత్రం సభ నడుస్తుండగానే లేచి అరసవల్లి వెళ్లాను. దర్శనానికని చెప్పుకున్నాను. ఆదివారం జనం సంగతి తెలిసిందే. పూలబుట్టలు వందుంటాయి, మోచేతి దాకా గాజులున్న చేతులు అంతకు రెట్టింపు. ప్రసాదం తిని, చెప్పులు వెతుక్కుని వచ్చేశాను.

రాత్రి తిరుగు రైలు. ఈసారి లోయర్ దొరికింది. అమ్మకు ఫోన్ చేసి పొద్దున్నుంచి జరిగింది చెప్పాను. సభ గురించి ఊ కొట్టింది. గేదె దగ్గరికి వచ్చేసరికి టీవీ సౌండు తగ్గించిన చప్పుడైంది. మొత్తం విని, "ఎన్నో ఈత అన్నావు?" అంది.

"రెండో ఈత. పూటకి నాలుగు లీటర్లట. ఇంతకీ పలుపు ఇచ్చి ఉంటుందంటావా? మన నాయనమ్మ అయితే..."

"మీ నాయనమ్మ సంగతి సరేరా. అంత పాలిచ్చేదాన్ని దూడతో కలిపి కదా అమ్ముతారు. మరి దూడ ఏది?"

"దూడ మాట ఆవిడ ఎత్తలేదు."

"దున్నదూడ అయ్యుంటుంది. కొన్నవాడు దీన్నేం చేసుకోనని వదిలేసుంటాడు. పిల్ల ఇక్కడుంటే అది ఏరేం ఖర్మ, సముద్రమైనా ఈదుతుంది. పలుపూ లేదు, పాడూ లేదు."

రైలు నాగావళి వంతెన ఎక్కింది. ఇనుప చప్పుడులో అమ్మ మాట వినపడటం లేదు. కిటికీలోంచి చూస్తే చీకట్లో ఇసుకే ఎక్కువ, నడిమధ్య సన్నగా నీటిపాయ.

"హలో, ఉన్నావా? కొట్టంలో దూడ ఉందా అని అడిగావా?" అంటోంది అమ్మ.

"అడగలేదే" అన్నాను.