టెర్రస్ మీది టవర్ కిరాయి ఎవరిది?

హన్మకొండలో వడ్డేపల్లి దిక్కున్న మా అపార్ట్‌మెంట్‌లో అందరం దిగి ఏళ్లు గడిచినా లిఫ్ట్ కాగితాలు, కామన్ మీటర్, కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చుల కోసం అందరం కట్టిన ఉమ్మడి డబ్బు) బిల్డర్ చేతిలోనే ఉండేవి. అడిగినప్పుడల్లా ఒకటే మాట. "ఇస్త మేడం, కాదంటున్ననా? ఎవలకియ్యాలె చెప్పుండ్రి. మీకిస్తే రేపు పై అంతస్తోళ్లు నా మీదికొస్తరు." వినడానికి న్యాయంగానే ఉంటుంది. మాకున్నదల్లా ఒక వాట్సాప్ గ్రూపు. దాని పేరు మీద బ్యాంకు ఖాతా తెరవలేం, నోటీసు ఇవ్వలేం.

2016 రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) తెలంగాణలో 2017 జనవరి 1 తర్వాత పర్మిషన్ వచ్చిన ప్రాజెక్టులకు వర్తిస్తుంది. మాది 2018 పర్మిషన్. సగానికి మించి ఫ్లాట్లు బుక్కయ్యాక మూడు నెలల్లో ఓనర్ల సంఘం ఏర్పడేటట్టు చూడాల్సింది కూడా బిల్డరే. సంఘం లేనన్నాళ్లు లాభం ఆయనకే కాబట్టి ఆ ఊసే ఎత్తలేదు.

సంఘం రిజిస్ట్రేషన్ అనుకున్నంత కష్టం కాదు. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. మెమొరాండం (సంఘం ఉద్దేశాలు రాసిన పత్రం), బైలాస్ (సంఘం నిబంధనలు), సంతకాలు, గుర్తింపు కార్డులతో జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు పోవాలి. అసలు కొట్లాటంతా బైలాస్ రాసుకునేటప్పుడే. ఫ్లాటుకు ఒక్కటే ఓటు అనేసరికి, మొగుడూ పెళ్లాం ఇద్దరి పేర్లూ డీడ్‌లో ఉన్నవాళ్లు అలిగారు. అమెరికాలో ఉన్న ఓనర్లు ఫోన్‌లోనే ఓటేస్తామన్నారు. సెల్లార్‌లో కుర్చీలేసి మీటింగ్ పెడితే, కిరాయికుంటున్న ఒక తమ్ముడు లేచాడు: "మెయింటెనెన్స్ నేనే కడుతున్న. లిఫ్ట్ ఆగితే మా అమ్మ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతున్నది. నాకు మాట్లాడే హక్కన్న లేదా అక్కా?" ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి మీటింగులో మాట్లాడే హక్కు కిరాయిదారులకూ పెట్టాం, ఓటు మాత్రం ఓనర్లదే. మేం రాసుకున్న వాటిలో నాకు బాగా నచ్చిన నిబంధన అదే.

సర్టిఫికెట్ వచ్చాక సంఘం పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, లెటర్‌హెడ్ అయ్యాయి. జనరల్ బాడీ తీర్మానం జతచేసి బిల్డర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాం. రెరా సెక్షన్ 17 ప్రకారం పత్రాలు, ప్లాన్లు సంఘానికి అప్పజెప్పడానికి గడువు కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక 30 రోజులు. అది ఎప్పుడో దాటిపోయిందని, ఇవ్వకపోతే హైదరాబాద్‌లో రెరా అథారిటీకి ఫిర్యాదు చేస్తామని రాశాం. అప్పటిదాకా ఫోన్ ఎత్తని మనిషి ఫైళ్ల సంచి పట్టుకుని తనే వచ్చాడు.

ఆ సంచిలో శాంక్షన్ ప్లాన్‌తో పాటు సెల్ టవర్ అగ్రిమెంటు కూడా ఉంది! మా టెర్రస్ మీది టవర్‌కు నెలనెలా కిరాయి ఆయన ఖాతాలో పడుతోంది. "టెర్రస్ హక్కులు నాయే మేడం" అన్నాడు. మా సేల్ డీడ్లలో ఆ ముక్క ఎక్కడా లేదు. పైగా టెర్రస్, ఓపెన్ పార్కింగ్ ఉమ్మడి స్థలాలేనని రెరా సెక్షన్ 2 స్పష్టంగా చెబుతోంది. ఆ కాగితం ముందు పెడితే కాసేపు గొణిగి, అగ్రిమెంటు సంఘం పేరు మీదికి మార్చడానికి సంతకం పెట్టాడు. పాత కిరాయి సంగతి ఇంకా తేలలేదు.

సెల్లార్ గోడ చెమ్మకూ ఇంకో ఉత్తరం రాశాం. రెరా ప్రకారం ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు బయటపడిన నాణ్యత లోపాలను, చెప్పిన 30 రోజుల్లో బిల్డరే ఉచితంగా బాగుచేయాలి. మనుషులను పంపి వాటర్‌ప్రూఫింగ్ చేయించాడు, ఈ వానకాలం చూడాలి.

జీఎస్టీ పడుతుందని భయపెట్టినవాళ్లూ ఉన్నారు. మెయింటెనెన్స్ మీద అది రావాలంటే ఫ్లాటుకు నెలకు 7,500 రూపాయలు దాటాలి, సంఘం ఏడాది వసూళ్లూ 20 లక్షలు దాటాలి. మాది ఆ దరిదాపుల్లో కూడా లేదు.

మొన్ననే మొదటి టవర్ కిరాయి సంఘం ఖాతాలో పడింది. మెయింటెనెన్స్ తగ్గించాలని సగం మంది, జనరేటర్ మార్చాలని సగం మంది పట్టు పడుతున్నారు. వచ్చే ఆదివారం మళ్లీ మీటింగ్.