హాస్టల్ కుర్రాడు ఏం దాస్తున్నాడు?

"నేనెవరిని? నాకంటూ ఒక చోటు ఎక్కడుంది?" అని పందొమ్మిదేళ్ల కుర్రాడు మనసులో అనుకోగానే కథ అక్కడికక్కడే చల్లబడిపోతుంది. ఆ వయసులో అంతకంటే పెద్ద ప్రశ్న లేదన్నది నిజమే. అయితే ఆ మాటల్లో ఎవరూ తమను తాము అడగరు. మెస్‌లో ఏ బల్ల దగ్గర కూర్చోవాలి, ఇంటిపేరు అడిగితే ఏం చెప్పాలి, అమ్మ ఫోన్ చేస్తే గదిలోనే మాట్లాడాలా వరండాలోకి వెళ్లాలా? ఆ ప్రశ్న వచ్చేది ఈ రూపాల్లోనే. కాలేజీ వయసు పిల్లల మీద కథో స్క్రిప్టో రాసేవాళ్లు పట్టుకోవాల్సింది వీటిని.

అందుకే రాయడానికి కూర్చునే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి: నలుగురిలో కలవడానికి ఇతను ఏం దాస్తున్నాడు? జవాబు ఒక్క మాటలో రావాలి. కులం, లేమి, యాస, తెలుగు మీడియం, ఒంటి రంగు ఇవన్నీ బతుకులో కలగలిసే ఉంటాయి. కథలో మాత్రం ఒకటి ముందు నడవాలి, మిగతావి దాని వెనక రావాలి. అన్నీ ఒకే బరువుతో మోపితే కుర్రాడు మాయమై, కష్టాల చిట్టా ఒకటి మిగులుతుంది. 'ఆకలి రాజ్యం' (1981) సినిమాలో ఢిల్లీలో ఉద్యోగం దొరకని కుర్రాళ్లు ఆకలిని దాస్తారు. తిండి లేని గదిలో భోజనం చేస్తున్నట్టు నటిస్తారు. నిరుద్యోగం గురించి ఎంత ఆవేశంగా మాట్లాడినా ఆ ఖాళీ కంచాలు చెప్పినంత చెప్పలేం.

రెండోది కాలం. నాలుగేళ్ల ఇంజనీరింగ్‌ని ఒక కథలో ఇమడ్చాలని చూడకండి. నవీన్ 'అంపశయ్య' (1969) ఉస్మానియా హాస్టల్లో రవి అనే విద్యార్థి ఒక్క రోజు. నవల మొత్తం ఆ ఒక్క రోజే, అతని తలలో తిరిగే ఆలోచనల వెంటే నడుస్తుంది. ఆ పద్ధతి అందరికీ నప్పదు, కానీ అందులోంచి నేర్చుకోవాల్సింది ఉంది. గడువు దగ్గరైతే చిన్న విషయం కూడా బరువెక్కుతుంది. హాస్టల్లో చేరిన మొదటి పదిహేను రోజులు, మెస్ బిల్లు కట్టాల్సిన ఆఖరి రోజు, స్కాలర్‌షిప్ జాబితా నోటీసు బోర్డు మీద పెట్టిన మధ్యాహ్నం... వీటిలో ఏ ఒక్కటైనా 2,500 మాటల కథకు చాలు. నన్నడిగితే నోటీసు బోర్డుకే నా ఓటు. పేరు పక్కన కేటగిరీ గడి ఉంటుంది. తన పేరు వెతుక్కోవాలి, కానీ వెతుకుతున్నట్టు ఎవరికీ కనబడకూడదు. వేలు ఏ వరుస దగ్గర ఆగిందో వెనక నిలబడ్డవాడు చూస్తాడు. అక్కడ మాటల అవసరమే లేదు.

మనుషులు ముగ్గురు చాలు. ఒకడు గుమ్మం దగ్గర నిలబడి, బృందంలోకి ఎవరిని రానివ్వాలో చూసేవాడు. అతన్ని దుర్మార్గుడిగా రాయకూడదు, స్నేహంగానే "మీదే ఊరు? ఇంటిపేరేంటి? ర్యాంకెంత?" అని అడుగుతాడు. ర్యాంకు అడగడంలో ఇంకో ప్రశ్న దాగుందని ఇద్దరికీ తెలుసు. రెండోవాడు తనలాగే వచ్చి, తనకంటే ముందే కలిసిపోయిన సీనియర్. మనవాళ్లు ఎక్కువగా వదిలేసే పాత్ర ఇదే. తమ ఊరి పక్క ఊరివాడే అయినా మెట్ల మీద ఎదురైతే పలకరించకుండా వెళ్లిపోతాడు. రెండేళ్ల తర్వాత తను ఏమవుతాడో కుర్రాడికి అతనిలో కనబడుతుంది. మూడోది ఇంటి గొంతు: అమ్మో, నాయనో, చెల్లెలో.

కొలతలు చెప్పమంటే, 2,500 మాటల కథలో దాచే వస్తువు మొదటి 200 మాటల్లోనే కంటపడాలి. అయితే అది దాపరికమని పాఠకుడికి అప్పుడే తెలియనక్కర్లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి సీసాని ట్రంకుపెట్టె అడుగున, బట్టల కింద పెట్టాడని రాస్తే సరిపోతుంది. 700 మాటలకల్లా మొదటి అబద్ధం. 1,500 దగ్గర ఆ అబద్ధం ఫలించాలి, బృందంలో చోటు దొరకాలి. అక్కడి నుంచి దానికి కట్టే మూల్యం. చాలా కథలు చోటు దొరకడాన్ని చివరికి నెట్టేస్తాయి, దాంతో మూల్యం రాయడానికి జాగా ఉండదు.

ఇక యాస. తెలుగులో ఈ కథల ఆయువుపట్టు ఇదే, ఎక్కువ కథలు చెడేదీ ఇక్కడే. మొదటి పొరపాటు క్రియల చివర్లు మార్చి ఊరుకోవడం. "వచ్చాడు"ని "వచ్చిండు" చేసి, పక్క వాక్యంలో "నాకు చాలా ఆందోళనగా ఉంది" అనిపిస్తే ఆ గొంతు ఎవరిదీ కాదు. రెండోది తెలంగాణ అంతటికీ ఒకే యాస, సీమ అంతటికీ ఒకే యాస అనుకోవడం. కరీంనగర్ మాట పాలమూరు మాట కాదు. ఏ మండలమో తేల్చుకుని, అక్కడి మనిషి మాటని పది నిమిషాలు రికార్డు చేసి, విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టి అప్పుడు సంభాషణ మొదలుపెట్టాలి. మూడో పొరపాటు అన్నిటికంటే పెద్దది: కథ పొడవునా కుర్రాడు ఒకే యాసలో మాట్లాడటం. కలవాలని తపించే పిల్లవాడి దగ్గర రెండు తెలుగులుంటాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎప్పుడు మారాడో చూపించడమే మీ పని.

శ్రీకాకుళం పిల్లవాడు "ఏటి" అనడం మానేసి "ఏంటి" అంటాడు. రాతలో ఒక్క సున్న తేడా. ఆ సున్న ఏ రోజు వచ్చి చేరిందో మీకు తెలిసి ఉండాలి. కోపం వచ్చినప్పుడు, నిద్రలో, దెబ్బ తగిలినప్పుడు అది జారిపోతుంది.

ఫోన్ సన్నివేశం ఎలా కట్టాలో చూడండి. నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ వచ్చి చేరిన కుర్రాడు, గదిలో ఒక్కడే ఉన్నాడు:

"తిన్న. నువ్వు తిన్నవా? నాయిన ఎట్లున్నడు?"

తలుపు తెరుచుకుంది, ఇద్దరు రూమ్మేట్లు లోపలికొచ్చారు.

"ఆఁ, బాగానే ఉన్నాను. రేపు చేస్తాను."

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత అమ్మ:

"ఎవరన్న పక్కనున్నరా, బిడ్డా?"

ఇక్కడితో ఆపేయాలి. "నా యాసకి నేనే సిగ్గుపడుతున్నానా అనుకున్నాడు" అని కింద ఇంకో వాక్యం చేర్చారా, అమ్మ మాటని మీరే చెరిపేసినట్టు. ఆమెకు అర్థమైంది, తప్పు పట్టలేదు. కుర్రాడికి రాత్రి నిద్ర పట్టకపోయేది అందుకే.

సినిమాకి వచ్చేసరికి ఇదే సరుకు వేరేలా పనిచేస్తుంది. దశాబ్దాల పాటు మన తెరమీద కోస్తా మాట హీరోది, మిగతా యాసలు విలన్‌కీ హాస్యగాడికీ. తమ మాట వినబడగానే హాల్లో జనం నవ్వితే, ఆ మాట మాట్లాడే పిల్లలు బయట నోరు విప్పడానికి జంకరా? 'ఫిదా' (2017)లో బాన్సువాడ అమ్మాయి భానుమతి తన యాసలోనే ప్రేమించి, తన యాసలోనే పోట్లాడింది. సాయిపల్లవి సొంత గొంతుతో చెప్పింది కాబట్టే అది నిలబడింది. 'కేరాఫ్ కంచరపాలెం' (2018)లో ఎక్కువమంది విశాఖలోని ఆ పేటవాళ్లే. బడ్జెట్ చిన్నదైనా డబ్బింగ్ మాత్రం నటించినవాళ్ల చేతే చెప్పించండి. వేరేవాళ్ల గొంతు పెట్టారంటే రెండు తెలుగుల మధ్య ఆ తడబాటు మొత్తం ఎగిరిపోతుంది.

స్క్రిప్టులో రెండు చోట్ల జాగ్రత్త కావాలి. ఒకటి హీరో ఎంట్రీ. స్లోమోషన్లో అడుగు పెట్టి, వందమంది ఈలల మధ్య పాట పాడినవాడు అప్పటికే అందరివాడు. అతను చోటు కోసం వెతుకుతున్నాడంటే ప్రేక్షకుడు నమ్మడు. ఇలాంటి కథలో కుర్రాడు మొదట గుంపు అంచున కనబడాలి, ఫ్రేములో సగం కోసేసినట్టుగా. రెండోది ఇంటర్వెల్. అవమానంతో ఇంటర్వెల్ వేసి, రెండో సగంలో ప్రతీకారం చూపించడం మనకి అలవాటు. ఆ దారిలో వెళితే కథ పగ కథ అయిపోతుంది. అతను కోరింది దొరికిన క్షణంలో ఇంటర్వెల్ వేసి చూడండి: బృందం భుజం మీద చెయ్యి వేసింది, ఫొటోలో మధ్యలో నిలబెట్టింది. పేజీకి ఒక నిమిషం లెక్కన 120 పేజీల స్క్రిప్టులో ఇది 58, 60 పేజీల దగ్గర రావాలి. దాచడం మాత్రం మొదటి 12 పేజీల్లోనే మొదలవ్వాలి.

అమ్మాయిల కథ రాస్తున్నప్పుడు కుర్రాడి కథని తీసుకుని పేరు మార్చితే కుదరదు. "ఆడపిల్ల అంటే ఆడ పిల్లేగానీ ఈడ పిల్ల కాదు" అన్న మాట ఆమె పుట్టింట్లోనే విని వచ్చి ఉంటుంది. ఇంటిపేరు కూడా పెళ్లి దాకానే అంటారు. అంటే ఆమెకు వదిలి వచ్చిన ఇల్లే పూర్తిగా తనది కాదు. హాస్టల్ గేటు మూసే వేళ, బయటికెళ్లేటప్పుడు రిజిస్టర్లో రాసే కారణం, సంతకం: దాచడానికి కావలసిన సామగ్రి అంతా ఆ ఒక్క పేజీలో ఉంది. ఆమె రాసిన కారణాలని వరుసగా, తేదీలతో, వేరే వ్యాఖ్య లేకుండా ఇచ్చి చూడండి.

అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లల మీద రాసేవాళ్లకి ఒకే సూచన. అమ్మ తెలుగులో అడుగుతుంది, పిల్ల ఇంగ్లిషులో జవాబిస్తుంది, ఇద్దరికీ పూర్తిగా అర్థమవుతుంది. ఆ పిల్లకి వచ్చీరాని తెలుగు పెట్టి నవ్వించడం అన్యాయం. ఊరి నుంచి అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడు ఆ పిల్ల మాట కూడదీసుకోవడానికి పట్టే సమయాన్ని రాయండి.

రాయడం అయ్యాక ప్రింట్ తీసి ఎర్ర పెన్ను పట్టుకోండి. కుర్రాడు తన గురించి తను అనుకునే ప్రతి వాక్యం కింద గీత గీయండి. ఐదు దాటితే, ఒక్కొక్కటి కొట్టేసి దాని బదులు చేతితో చేసే పని ఒకటి పెట్టండి: చెప్పులు విప్పి పక్కకి జరపడం, టిఫిన్ డబ్బా మూత కొంచెమే తెరవడం, పేరు రాసేటప్పుడు ఇంటిపేరుని పొడి అక్షరంగా కుదించడం.

చివరి సన్నివేశం గురించి అందరూ అడుగుతారు. అమ్మ చెప్పకుండా వచ్చేసింది, చేతిలో సంచి, హాస్టల్ మెట్ల దగ్గర నిలబడింది. స్నేహితులు నలుగురూ పక్కనే ఉన్నారు. "ఎవర్రా?" అని ఒకడు అడిగాడు. కుర్రాడు "మా అమ్మ" అంటాడా, "మా ఊరావిడ" అంటాడా అన్నది మీ ఇష్టం, రెండూ నిజమే కావచ్చు. ఏదన్నా సరే, అతని నోటి వెంట మాట వచ్చాక ఆపండి. స్నేహితుల ముఖాలు చూపించకండి. అమ్మ సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకోవడం వరకు చూపించొచ్చు.