టార్చ్ బటన్ ఎక్కడికి పోయింది? అప్‌డేట్ తర్వాత నా ఫోన్ డైరీ

సెప్టెంబర్ 13, 2025, శనివారం

రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఫోన్ కొత్త వేషం కట్టుకుని ఉంది. తప్పు నాదే. ‘రాత్రికి ఇన్‌స్టాల్ చేయమంటారా’ అని అడిగినప్పుడు చూడకుండా సరే నొక్కేసి ఉంటాను.

హోమ్ స్క్రీన్ సర్దుకోవడం నాకు ఆరేడేళ్లుగా ఉన్న పిచ్చి. మా ఆవిడ మాటల్లో ‘పనీపాటా లేని పని’. ఒకటే పేజీ, పన్నెండు ఐకాన్లు, కింద కుడి మూలన కెమెరా. చూడకుండానే బొటనవేలు అక్కడికి వెళ్లిపోయేది. ఇవాళ అదే వేలు కెమెరా అనుకుని మూడుసార్లు వేరే ఏదో తెరిచింది.

కంపెనీ పేరు రాయను. ఈ ఏడాది గాలే అటు వీస్తోంది. మే నెలలో గూగుల్ ఆండ్రాయిడ్ కొత్త రూపానికి ‘మెటీరియల్ 3 ఎక్స్‌ప్రెసివ్’ అంది, జూన్‌లో ఆపిల్ ‘లిక్విడ్ గ్లాస్’ అని గాజు పలకలు చూపించింది. 2013లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 7 వచ్చినప్పుడు తెర మీది తోలు, చెక్క అచ్చులన్నీ పోయి అంతా చదును అయిపోయింది. పన్నెండేళ్లు చదునుగా ఉన్నాక ఇప్పుడు మళ్లీ మెరుపు, లోతు, నీడ. చీర అంచుల ఫ్యాషన్ కూడా ఇలాగే తిరుగుతుంది గానీ, బీరువాలో ఉన్న చీర అంచుని రాత్రికి రాత్రి ఎవరూ మార్చిపోరు.

కోపంలో అంతా మారిపోయినట్టే ఉంటుంది. అందుకని టీ తాగుతూ ఏమేం మారాయో కాగితం మీద రాశాను. తొమ్మిది తేలాయి. నిజంగా చికాకు పెట్టేవి ఐదు: పైనుంచి లాగే ప్యానెల్ రెండు ముక్కలవడం, దాని వెనక మసక గాజు, ఐకాన్లన్నిటికీ ఒకే రంగు పూత, ఏది తెరిచినా గంతులేసే యానిమేషన్, తెలుగు ఒత్తులు కింద తెగిపోవడం. మిగతా నాలుగూ కంటికి కొత్త, అంతే. లాక్ స్క్రీన్ మీద అరచేయంత గడియారం కూడా ఆ నాలుగులోదే.

సెప్టెంబర్ 14, ఆదివారం

ముందు ప్యానెల్. ఇదివరకు ఎక్కడ పట్టి లాగినా మెసేజీలు, బటన్లు కలిసే వచ్చేవి. ఇప్పుడు ఎడమవైపు లాగితే మెసేజీలు, కుడివైపు లాగితే వైఫై, టార్చ్ వగైరా. నేను కుడిచేత్తో పట్టుకుంటాను కాబట్టి వేలు ఎప్పుడూ కుడివైపే పడుతుంది, కావలసినవి ఎప్పుడూ ఎడమవైపే ఉంటాయి.

సెట్టింగ్స్‌లో గంటసేపు వెతికాను. దొరకలేదు. తీరా చూస్తే ఆ ప్యానెల్‌లోనే పెన్సిల్ గుర్తు ఉంది. అది నొక్కితే ‘విడిగా’, ‘కలిపి’ అని రెండు ఆప్షన్లు. కలిపి పెట్టేశాను. నాకు తెలిసిన పాఠం ఇది: ఏది నచ్చలేదో దాన్నే ముందు నొక్కిపట్టి చూడాలి, లేదా దాని మీదే పెన్సిల్, మూడు చుక్కలు ఉన్నాయేమో వెతకాలి. మెయిన్ సెట్టింగ్స్‌కి ఆ తర్వాతే వెళ్లాలి.

సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్లాం. కురుసుర సబ్‌మెరైన్ దగ్గర ఎండలో నిలబడి ప్యానెల్ దించితే ఒక్క అక్షరం కనబడితే ఒట్టు. వెనకున్న ఫోటో, ముందున్న అక్షరాలు కలిసిపోయాయి. ఏసీ గదిలో కూర్చుని గీసిన డిజైన్ అని తెలిసిపోతూనే ఉంది. ఇంటికొచ్చి సెట్టింగ్స్‌లో, యాక్సెసిబిలిటీలో ‘పారదర్శకత, బ్లర్ తగ్గించు’ ఆన్ చేశాను. గాజు పోయి మామూలు బూడిదరంగు పలక వచ్చింది. అందంగా లేదు, చదవడానికి వస్తోంది.

సెప్టెంబర్ 17, బుధవారం

యానిమేషన్లు. సెట్టింగ్స్‌లో ‘ఫోన్ గురించి’ తెరిచి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టితే డెవలపర్ ఆప్షన్లు (యాప్‌లు తయారుచేసేవాళ్ల కోసం దాచిపెట్టిన మెనూ) తెరుచుకుంటాయి. అందులో విండో, ట్రాన్సిషన్, యానిమేటర్ అని మూడు స్కేళ్లు ఉంటాయి. మూడూ 1 నుంచి 0.5కి దించాను. ఫోన్‌కి ప్రాణం లేచి వచ్చింది.

సెప్టెంబర్ 18

ఆ ప్రాణం ఒక్కరోజే. పొద్దున ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో బెండకాయలు, ఆనపకాయ కొని స్కాన్ చేద్దామంటే పేమెంట్ యాప్ తెరుచుకోలేదు. డెవలపర్ ఆప్షన్లు ఆపితేనే పని చేస్తానంటుంది. వెనక నలుగురు నిలబడ్డారు, నేను సెట్టింగ్స్‌లో ఈదుతున్నాను. ‘ఏటి బాబూ, అవ్వలేదా? రేపిద్దువులే’ అంది కూరగాయలామె. చివరికి జేబులో యాభై నోటు దొరికింది.

పైగా డెవలపర్ ఆప్షన్లు ఆపగానే ఆ స్కేళ్లు కూడా వాటంతటవే మళ్లీ 1కి వచ్చేశాయి. అంటే గంతులు తగ్గాలా, డబ్బు కట్టాలా, ఏదో ఒకటే. అన్ని పేమెంట్ యాప్‌లూ ఇంత పట్టుదలగా ఉండవు, నాది ఉంది. యాక్సెసిబిలిటీలోనే ‘యానిమేషన్లు తీసేయి’ అని ఇంకోటి ఉంది, దానితో ఏ యాప్‌కీ గొడవ లేదు. పూర్తిగా తీసేస్తే కాస్త మొద్దుగా అనిపిస్తుంది, మూడు రోజుల్లో అలవాటైపోతుంది.

సెప్టెంబర్ 21, ఆదివారం

రంగుల రోజు. ఇందులో నాకు సరదా ఎక్కువ, అందుకే ఎక్కువ రాస్తున్నాను.

వాల్‌పేపర్ నుంచి రంగులు తీసి మెనూలకీ బటన్లకీ పూయడం 2021లో ఆండ్రాయిడ్ 12తో మొదలైంది. ఐకాన్లకీ అదే రంగు పూసే వీలు మిగతా యాప్‌లవాళ్లకి 2022లో ఆండ్రాయిడ్ 13తో వచ్చింది. యాప్ తయారుచేసినవాళ్లు ఒంటిరంగు ఐకాన్ విడిగా ఇస్తేనే ఆ పూత సరిగ్గా పడేది, ఇవ్వనివి తమ రంగులోనే ఉండిపోయేవి. నా స్క్రీన్ మీద అందుకే తొమ్మిది నీలంగా, మూడు ఎర్రగా, పెళ్లిలో యూనిఫాం వేసుకోని చుట్టాల్లా ఉన్నాయి. వాల్‌పేపర్ మెనూలో ఐకాన్ రంగులు ఆఫ్ చేస్తే పన్నెండూ తమ పాత రంగుల్లోకి వచ్చాయి.

మెనూల రంగుని మాత్రం పూర్తిగా ఆపే వీలు నా ఫోన్‌లో లేదు. మనం ఇచ్చే ఫోటోని మార్చడమే దారి. గ్యాలరీలోవి ఒక్కొక్కటీ పెట్టి చూశాను. రుషికొండ సముద్రం పెడితే అంతా నెమలికంఠం రంగు. సింహాచలం సంపెంగల బుట్ట పెడితే పసుపు, ఆ పసుపు మీద తెల్ల అక్షరాలు చదవలేం. కైలాసగిరి మీద తీసిన పిల్లల ఫోటోకి మా చిన్నదాని ఫ్రాక్ రంగు పట్టుకుని ఫోన్ మొత్తం గులాబీ చేసేసింది. చివరికి ఆగస్టు ముసురులో హార్బర్ వైపు నుంచి తీసిన డాల్ఫిన్స్ నోస్ ఫోటో పెట్టాను. మబ్బు, కొండ, నీళ్లు అన్నీ బూడిదరంగే. ఫోన్‌కి పట్టుకోడానికి రంగే దొరకలేదు, మెనూలన్నీ మౌనంగా అయిపోయాయి. నాకు కావలసింది సరిగ్గా అదే.

ఇదే పద్ధతి ఎవరైనా చేసుకోవచ్చు. మబ్బు పట్టిన రోజున తీసిన ఫోటో, లేదా ఫోన్ ఎడిటర్‌లోనే రంగు బాగా తగ్గించిన ఫోటో ఇవ్వండి.

హోమ్ స్క్రీన్ గడులు కూడా మార్చేశారు కాబట్టి వేరే లాంచర్ (హోమ్ స్క్రీన్‌ని చూపించే యాప్) వేశాను. ఓపెన్ సోర్స్‌ది, లాన్‌చెయిర్. నాలుగు నిలువు వరసలు, కెమెరా మళ్లీ కింద కుడి మూలకి. వేసేటప్పుడు రెండు జాగ్రత్తలు: బ్యాటరీ సెట్టింగ్‌లో దాన్ని ఆపకుండా మినహాయించాలి, లేకపోతే హోమ్ నొక్కిన ప్రతిసారీ మళ్లీ మొదట్నుంచి లోడ్ అవుతుంది. కాంటాక్ట్స్ అడిగితే ఇవ్వక్కర్లేదు. ఒక లోపం ఉంది: కిందనుంచి పైకి తోసి హోమ్‌కి వచ్చేటప్పుడు చిన్న కుదుపు. కంపెనీ సొంత లాంచర్‌కి దొరికే సౌకర్యం బయటివాటికి అంతగా దొరకదు. భరిస్తున్నాను.

సెప్టెంబర్ 28, ఆదివారం

గోపాలపట్నంలో తమ్ముడి ఇంటికి వెళ్తే అమ్మ ఫిర్యాదు: ‘ఒరే నాన్నా, ఫోను మోగుతోంది గానీ ఎత్తడం అవట్లేదురా. పైకి లాగితే ఏటీ అవ్వట్లేదు.’

అమ్మ ఫోన్‌కి సిస్టమ్ అప్‌డేట్ ఏదీ రాలేదు. కాల్స్ యాప్ ఒక్కటే తనంతట తాను మారిపోయింది. పైకి తోసే బటన్ పోయి అడ్డంగా తోసేది వచ్చింది. పదిహేను రోజులుగా నేను పడుతున్న తంటాకి అసలు లెక్క నాకు అప్పుడు తెలిసింది. ఫోన్ ముఖం మూడు పొరలు. సిస్టమ్ ఒకటి, లాంచర్ ఒకటి, విడివిడి యాప్‌లు ఒకటి. మారింది ఏ పొరో తెలిస్తే మందు తేలిక. యాప్ అయితే వెనక్కి వెళ్లొచ్చు, లాంచర్ అయితే వేరేది వేసుకోవచ్చు, సిస్టమ్ అయితే వాళ్లు ఇచ్చిన స్విచ్చులే గతి.

యాప్ ఐకాన్ నొక్కిపట్టి, యాప్ సమాచారం తెరిచి, మూడు చుక్కల్లో ‘అప్‌డేట్లు తీసేయి’ నొక్కాను. పాత స్క్రీన్ వచ్చింది. నేను బయటికెళ్లి కాల్ చేశాను, అమ్మ ఎత్తింది. ‘ఆఁ, ఇప్పుడు బాగుంది’ అంది.

అక్టోబర్ 4, శనివారం

అమ్మ ఫోన్‌లో మళ్లీ కొత్తదే. ఆటో అప్‌డేట్ ఆపడం మర్చిపోయాను. ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ తెరిచి మూడు చుక్కల్లో ఆ టిక్ తీసేయాలి.

ఈసారి వెనక్కి వెళ్లలేదు. ఎప్పటికీ పాత వెర్షన్‌లో ఉంచితే దాని బాగుచేతలు కూడా ఆగిపోతాయి. యాప్ సెట్టింగ్స్‌లో ‘ఇన్‌కమింగ్ కాల్ జెశ్చర్’ అని ఉంది, అందులో తోయడం బదులు ‘ఒక్కసారి తట్టడం’ పెట్టాను. రెండే బటన్లు, పచ్చది, ఎర్రది. జేబులో ఫోన్ పెట్టుకునేవాళ్లకి ఇది ప్రమాదం, దానంతట అదే కాల్ ఎత్తేస్తుంది. అమ్మ ఫోన్ ఉండేది టీవీ పక్కన స్టీలు గిన్నెలో. ఆ గిన్నె రింగ్‌టోన్‌ని పెద్దగా వినిపిస్తుందని ఆవిడే కనిపెట్టింది.

అక్టోబర్ 12, ఆదివారం

ఒత్తుల సంగతి. కొత్త అక్షరాలు లావుగా ఉన్నాయి, వరసల మధ్య జాగా తక్కువ. ఇంగ్లీషుకి ఇబ్బంది లేదు. మనకి గుడి పైన, ఒత్తు కింద. ‘కృష్ణ’లో కింద తోక తెగిపోయింది, ‘స్త్రీ’ అయితే ఏమిటో పోల్చుకోలేం. కళ్లజోడు వయసు వచ్చింది కాబట్టి అక్షరాల సైజు రెండు మెట్లు పెంచి పెట్టుకున్నాను, దానితో ఇంకా తెగాయి.

మందు ఇది: ‘ఫాంట్ సైజ్’ ఒక మెట్టు తగ్గించి ‘డిస్‌ప్లే సైజ్’ ఒక మెట్టు పెంచాను. మొదటిది అక్షరాన్ని మాత్రమే పెంచుతుంది, రెండోది అక్షరం కూర్చునే గడిని కూడా పెంచుతుంది. లావు అక్షరాలు ఆఫ్. తెగడం నూటికి తొంభై పాళ్లు పోయింది. ఒక వాతావరణం విడ్జెట్‌లో ‘విశాఖపట్నం’లో న ఒత్తు ఇంకా సగమే కనిపిస్తోంది. ఆ విడ్జెట్‌నే తీసేశాను.

అక్టోబర్ 15

జగదాంబ దగ్గర ఒక రిపేరు కొట్టులో అడిగాను, పాత సాఫ్ట్‌వేర్ వేయగలరా అని. వేస్తే డేటా మొత్తం పోతుందన్నాడు. బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్) తాళం తెరవాలి, అది తెరిస్తే బ్యాంకు యాప్‌లు చాలావరకు మొరాయిస్తాయి. అన్నీ చేసినా వెనక్కి వెళ్లనివ్వని తాళం చాలా ఫోన్లలో ఉంటుంది, పాత లోపాలతో ఎవరూ ఫోన్‌లోకి దూరకుండా పెట్టింది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

అక్టోబర్ 28, మంగళవారం, రాత్రి

మొంథా తుఫాను. గాలి, వాన. రాత్రి కరెంటు పోయింది. ఆరు వారాలుగా ఈ ప్యానెల్‌ని సర్దుతున్న మొనగాణ్ని కదా, ఠీవిగా పైనుంచి లాగాను. టార్చ్ లేదు! అందంగా ఉంటుందని వారం కిందట బటన్లని ఎనిమిదికి కుదించినప్పుడు అది రెండో పేజీకి వెళ్లిపోయింది. నేను పక్కకి తోస్తూ ఉండగానే మా ఆవిడ లాక్ స్క్రీన్ కింది మూలన నొక్కిపట్టి వెలుగు తెచ్చేసింది. ఆవిడది కూడా నాలాంటి ఫోనే, అదే అప్‌డేట్, ఒక్క సెట్టింగూ మార్చలేదు.

కొవ్వొత్తి వెలిగించాక నా లాక్ స్క్రీన్ మీద చూశాను. ఆ మూల నాకూ ఉంది. మొదటి రోజే చిరాకుపడి ఖాళీ పెట్టేశాను.

అక్టోబర్ 30

మార్పులు: టార్చ్ ప్యానెల్‌లో మొదటి వరస ఎడమ చివర, లాక్ స్క్రీన్‌లో ఎడమ మూల. బటన్లు పన్నెండు. ప్రతి మార్పు తర్వాతా చీకట్లో ఒకసారి వెతికి చూడాలని రాసుకున్నాను.

నవంబర్ 9, ఆదివారం

మరదలు ఐఫోన్ తెచ్చింది. ఈ వారమే ఐఓఎస్ 26.1 వేసుకుందట. అందులో లిక్విడ్ గ్లాస్‌కి ‘క్లియర్’, ‘టింటెడ్’ అని రెండు ఎంపికలు ఇచ్చారు. టింటెడ్ పెడితే గాజు కాస్త ముదురుతుంది. దానికి తోడు యాక్సెసిబిలిటీలో డిస్‌ప్లే, టెక్స్ట్ సైజ్ కింద పారదర్శకత తగ్గించే స్విచ్ ముందునుంచే ఉంది. రెండూ పెట్టి ఇచ్చాను. భోజనాలయ్యేలోపు రెండూ తీసేసింది. ‘ఆ గాజు కోసమేగా బావా అప్‌డేట్ చేసింది’ అంది.

నా కాగితం: తొమ్మిదిలో ఆరు కొట్టేశాను. లాంచర్ కుదుపు తోడైంది, అది పదోది. సెట్టింగ్స్‌ని స్క్రీన్‌షాట్లు తీసి ‘పాత ముఖం’ అనే ఫోల్డర్‌లో పెట్టాను, లాంచర్ బ్యాకప్ ఫైల్ కూడా అందులోనే. ఆటో అప్‌డేట్ ఆపలేదు. నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్ కావాలి, డబ్బులన్నీ ఈ ఫోన్‌లోనే తిరుగుతున్నాయి. రాత్రికి ఇన్‌స్టాల్ చేయడం మాత్రం తీసేసి, నన్ను అడిగాకే చేయమన్నాను.

అరచేయంత గడియారం ఎనిమిదో వరసలో ఉంది. కళ్లజోడు లేకుండా మంచం మీంచి టైమ్ కనిపిస్తోంది. దాని పక్కన ‘ఉండనీ’ అని రాశాను.