ఎక్కిన గేరులోనే దిగాలి

అరకు గురించి కొత్తగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వైజాగ్‌లో పుట్టి పెరిగినవాడిని. చిన్నప్పుడు కిరండూల్ పాసింజర్‌లో, ఉద్యోగం వచ్చాక ఆర్టీసీ బస్సులో, ఆఫీసు వాళ్లతో ఇన్నోవాలో ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. మొన్న డిసెంబరులో ఒక ఆదివారం మాత్రం నా పాలియోలో వెళ్లాను. ఆ దిగుడు దారిలో జరిగింది ఇంకా మనసులోంచి పోవడం లేదు.

కారు గురించి ముందు చెప్పాలి. 2002 మోడల్ ఫియట్ పాలియో 1.6 జీటీఎక్స్. ఏపీ 31 నంబరు, ఎర్ర రంగు. 2001లో పాలియో మన దేశానికి వచ్చినప్పుడు సచిన్ టెండూల్కర్ ప్రచారం చేశాడు, చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పట్లో చిన్న కారంటే మారుతి 800, జెన్, శాంత్రో. అలాంటి రోజుల్లో ఆ సైజు కారులో 1596 సీసీ ఇంజన్, 100 హార్స్ పవర్. ఇలా చిన్న ఒంట్లో పెద్ద ఇంజన్ ఉన్న కారుని హాట్ హ్యాచ్ అంటారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో సిరిపురం జంక్షన్ దగ్గర సిగ్నల్ పడగానే ఒక పాలియో కదిలిన తీరు, అది వదిలిన శబ్దం మాత్రం అప్పుడే చెవిలో ఉండిపోయాయి. జేబులో బస్సు పాస్ తప్ప ఏమీ లేని రోజులవి.

2021లో ఉక్కునగరంలో ఒక రిటైర్డ్ ఉద్యోగి దగ్గర కొన్నాను. ఆయన ప్రాణంగా చూసుకున్నారు కానీ సముద్రపు గాలిని ఎవరాపగలరు? మా ఇంటి కిటికీ గ్రిల్స్‌కే రెండేళ్లకోసారి పెయింట్ వెయ్యాల్సి వస్తోంది. వెనక చక్రాల పైన రేకు వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. మ్యాట్ ఎత్తితే డ్రైవర్ కాళ్ల దగ్గర నేల కనబడింది. గాజువాక ఆటోనగర్‌లో టింకరింగ్‌కే నాలుగు నెలలు పట్టింది. తుప్పు పట్టినంత మేరా కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, అడుగున కోటింగ్ వేశారు. టైమింగ్ బెల్టు తెగితే వాల్వులు వంగిపోతాయని ముందు అదే మార్పించాను. తర్వాత బుష్‌లు, ఇంజన్ మౌంటింగులు, లోయర్ ఆర్ములు. కొన్ని పార్టులు కోయంబత్తూరు నుంచి, కొన్ని ఢిల్లీ నుంచి కొరియర్‌లో వచ్చాయి. 2022లో ఆర్సీ రెన్యువల్‌కి వెళ్లేసరికి ఫీజు ఆరువందల నుంచి ఐదు వేలైపోయింది. శని, ఆదివారాల్లో బయటికి తీసే కారుకి ఇంత ఖర్చా అని ఇంట్లో అడిగారు. తప్పదన్నాను.

ఆ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి ఎంవీపీ కాలనీలో బయల్దేరాం. నేనూ, మా అక్క కొడుకూ. వాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. పెందుర్తి, కొత్తవలస చీకట్లోనే దాటిపోయాయి. ఎస్.కోటలో ఇడ్లీ తిని, బొడ్డవర దాటాక ఘాట్ మొదలైంది.

పైకెక్కిన ఆ గంట కోసమే ఇన్నేళ్ల ఖర్చూ అనిపించింది. సెకండ్ గేరులో మలుపు తిరిగి యాక్సిలరేటర్ తొక్కితే, ఆర్‌పీఎం ముల్లు నాలుగు వేలు దాటాక ఇంజన్ గొంతు మారుతుంది. అంతవరకూ గొణుగుతున్న మనిషి ఒక్కసారి గొంతెత్తి పాడినట్టు. హైడ్రాలిక్ స్టీరింగ్ కాబట్టి టైరు కింద రోడ్డు గరుకు ఎంతో అరచేతికి తెలుస్తుంది. పొగమంచులోంచి కాఫీ తోటలు, మిరియాల తీగలు చుట్టుకున్న సిల్వర్ ఓక్ చెట్లు అలా వచ్చి ఇలా వెళ్లిపోతున్నాయి. "మావయ్యా, ఇంకోసారి, ఇంకోసారి" అంటూనే ఉన్నాడు వాడు.

అరకులో గడిపిన సమయం గురించి రాసేదేమీ లేదు. సీజన్ కదా, కారు ఎక్కడ ఆపినా యాభై. నలభై రూపాయల కాఫీ రెండు గుక్కల్లో అయిపోయింది. బొంగు చికెన్ ధర విని పక్కకొచ్చేశాం. మ్యూజియం ముందు ట్రాఫిక్ చూస్తే జగదాంబ జంక్షన్ గుర్తొచ్చింది. మధ్యాహ్నం రెండు కాకుండానే తిరుగుముఖం పట్టాం.

గాలికొండ వ్యూపాయింట్ దాటి దిగుతుంటే ముందు ఒక టూరిస్టు బస్సు. ఓవర్‌టేక్ చేసే చోటు లేదు. నేను థర్డ్ గేరులో దాని వెనకే, కాలు బ్రేక్ మీదే ఉంచి దిగుతున్నాను. తప్పు అక్కడే మొదలైంది. అనంతగిరి దాటాక కాలిన వాసన వచ్చింది, బస్సుదనుకున్నాను. డముకు దాటిన కాసేపటికి, ఒక ఎడమ మలుపు ముందు బ్రేక్ నొక్కితే పెడల్ మెత్తగా కిందకి వెళ్లింది. ఇంకా వెళ్లింది. తడి స్పాంజి మీద కాలు వేసినట్టుంది. కారు వేగం సగం మాత్రమే తగ్గింది. రెండోసారి, మూడోసారి కొట్టాను. సెకండ్‌లో వేసి, హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెంగా లాగుతూ కొండవైపు మట్టి మార్జిన్‌లోకి దింపి ఆపాను. పక్కన వాడు ఒక్క మాట మాట్లాడలేదు. వాడు మా అక్క కొడుకు. ఆ క్షణంలో నా తలలో ఇంకేమీ లేదు.

ముందు చక్రాల నుంచి సన్నగా పొగ వస్తోంది. నీళ్ల సీసా మూత తీస్తున్నాను, అప్పుడే వెనక ఒక బొలెరో పికప్ ఆగింది. నిండా కాలీఫ్లవర్, పైన టార్పాలిన్. డ్రైవర్‌కి యాభై పైనే ఉంటాయి, మెడలో తువ్వాలు.

"ఏటైంది బాబూ? దూరాన్నుంచే వాసనొస్తంది. ఆ నీల్లు పొయ్యకండి, డిస్కు వంకరైపోద్ది."

సీసా పక్కన పెట్టేశాను. ఆయన చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, అరచెయ్యి జానెడు దూరంలో పెట్టి వేడి చూశాడు. తర్వాత బానెట్ తియ్యమన్నాడు. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత విప్పి, మూతకి అంటిన ఆయిల్ని వేలితో తీసి నాకు చూపించాడు. తేనె రంగులో ఉండాల్సింది కాఫీ డికాషన్‌లా ఉంది.

"ఇది ఎప్పుడు మార్చారు?"

నా దగ్గర జవాబు లేదు. బ్రేక్ ప్యాడ్లు కొత్తవి, డిస్కులు కొత్తవి. బ్రేక్ పని చేసిన షెడ్డువాడు బిల్లులో బ్రేక్ ఆయిల్ అని రాసి డబ్బులు తీసుకున్నాడు. పాతదాని మీద కొంచెం కొత్తది పోసి మూత పెట్టేశాడన్నమాట. ఆ షెడ్డువాడి మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. పెయింటులో చిన్న గీత ఉంటే మూడుసార్లు వెనక్కి పంపిన నేను, ఈ మూత ఒక్కసారి కూడా విప్పి చూడలేదు. అది నా తప్పు.

పాత కార్లు ఉన్నవాళ్లు ఇది కాస్త శ్రద్ధగా చదవండి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలు దాటితే కానీ మరగదు. తేమ పట్టిందంటే ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. ఘాట్‌లో బ్రేక్ తొక్కుతూ దిగితే డిస్కు వేడి దాన్ని నొక్కిపట్టే కాలిపర్‌లోకి, అక్కడి నుంచి ఆయిల్‌లోకి పాకుతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు కాబట్టే మన కాలి బలం చక్రానికి చేరుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది. అందుకే పెడల్ కిందకి జారింది. కారు నడిచినా నడవకపోయినా రెండేళ్లకోసారి మార్చాలంటారు. ఏడాది పొడుగునా ఉక్కపోసే మన వైజాగ్‌లో ఆ రెండేళ్లు కూడా ఎక్కువే అంటాను.

ముప్పావు గంట అక్కడే కూర్చున్నాం. ఆయన తొందరపెట్టలేదు. పువ్వు వాడిపోతుందేమో వెళ్లండంటే, "పువ్వుకేటవుద్ది, రేపు తెల్లారి రైతుబజారుకి కదా" అన్నాడు. పాతికేళ్లుగా ఈ ఘాట్‌లోనే నడుపుతున్నాడట. చిన్నప్పుడు లారీ మీద క్లీనర్‌గా చేరిన రోజు గురువు చెప్పిన మొదటి మాట ఇదేనట: "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాల. బ్రేకన్నది ఆపడానికి." మా అక్క కొడుకు వైపు తిరిగి ఆ మాట మళ్లీ చెప్పాడు. వాడు తలూపాడు.

చక్రాలు చేత్తో ముట్టుకునేలా చల్లారాక పెడల్ మళ్లీ పైకొచ్చింది. "నా ఎనకాల రండి. నానెంత మెల్లగా ఎల్తే అంతే" అని బండి తీశాడు. సెకండ్ గేరు, ఒక్కోచోట ఫస్ట్. ప్రతి మలుపుకీ ముందే హారన్ కొట్టి, అద్దంలో మేం వస్తున్నామో లేదో చూసుకుని మరీ తిరిగేవాడు. వెనక ఎన్ని కార్లు హారన్లు కొట్టినా స్పీడు పెంచలేదు. టైడా దాటి కింద చదును రోడ్డు తగిలేదాకా నేను బ్రేక్ నొక్కింది పదిసార్లు కూడా ఉండదు. ఇంజనే పట్టుకుంది.

ఎస్.కోటలో తనకి తెలిసిన చిన్న షెడ్డుకి తీసుకెళ్లాడు. ఆదివారమైనా తలుపు తీయించాడు. బ్రేక్ ఆయిల్ రెండు అర లీటరు డబ్బాలు తెప్పించాం. మెకానిక్ కింద దూరి మొదట వెనక ఎడమ చక్రం, అంటే బ్రేక్ ఆయిల్ డబ్బాకి అన్నిటికన్నా దూరంగా ఉన్నది పట్టుకున్నాడు. లోపల మావాడు కూర్చుని, "నొక్కు... పట్టుకో... వదులు" అన్నట్టల్లా చేశాడు. సన్నటి గొట్టంలోంచి నల్లటి ఆయిల్ బుడగలు బుడగలుగా వాటర్ బాటిల్‌లోకి దిగింది. నాలుగు చక్రాలూ అయ్యేసరికి గొట్టంలో తేనె రంగు వచ్చింది.

పికప్ ఆయనే ముందు సీట్లో కూర్చుని పెడల్ నొక్కి చూశాడు. "ఇప్పుడు రాయిలాగుంది" అన్నాడు. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ముగ్గురం టీ తాగాం. గ్లాసు కింద పెట్టి, వెళ్లబోతూ ఆగి కారు వైపు చూశాడు.

"పొద్దున్న మీరు ఎక్కుతున్నప్పుడు నాను పైన లోడింగులో ఉన్నాను. ఈ ఎర్ర బండి శబ్దం ఇన్నాను. ఓసారి రేజ్ చెయ్యండి బాబూ."

తాళం తిప్పాను. ఆయన బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. న్యూట్రల్‌లో ఉంచి, మెల్లగా తొక్కుతూ నాలుగు వేలు దాటించాను.