ముప్పై ఏళ్ల మారుతి 800కి సామాను వెతుక్కున్న నా అనుభవం

మా ఇంట్లో ఉన్నది 1995 మోడల్ మారుతి 800. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బొరేటర్ ఉన్న బండి, నాలుగు గేర్లది. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకోవాలి. 2025 చివర్లో మాకు ఆ గడువు వచ్చింది. బండి చక్కగా తిరుగుతోంది కానీ పొల్యూషన్ టెస్టులో నిలబడలేదు. బీఎస్-2 అనే కాలుష్య ప్రమాణాల కంటే ముందు తయారైన పెట్రోలు కార్లకు ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజన్ ఆడుతున్నప్పుడు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. మాది దాటింది. ఆ సర్టిఫికెట్ లేకుండా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లి లాభం లేదు.

తెనాలిలో మా బండి చూసే మెకానిక్ బాబాయ్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి, ఇంజన్ ఆడుతుండగానే కార్బొరేటర్ గొంతులోకి టార్చి వేసి చూపించాడు. యాక్సిలరేటర్ తొక్కకుండానే పెట్రోలు బొట్లు బొట్లుగా కారుతోంది. లోపలికి వచ్చే పెట్రోలును ఆపే ఫ్లోట్ నీడిల్ సరిగా మూసుకోవడం లేదు. చోక్ కేబుల్ పూర్తిగా వదిలినా గాలిని తగ్గించే లోపలి రేకు కొంచెం అడ్డంగానే ఉండిపోతోంది. పెట్రోలు ఎక్కువై, గాలి తక్కువైతే పొగలో మోనాక్సైడ్ పెరగక ఏమవుతుంది!

"మొత్తం కార్బొరేటర్ మార్చేద్దామా బాబాయ్?" అన్నాను.

"కొత్తది ఎక్కడ దొరుకుద్ది అబ్బాయ్? దీని ఒళ్లు బానే ఉంది. ఒరిజినల్ కిట్టు పట్రా, చాలు."

కిట్టు అంటే కార్బొరేటర్ లోపల అరిగిపోయే నీడిల్, రబ్బరు సామాను సెట్టు. దాని కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. ఈ కారు తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది కదా, ఏమీ దొరకదేమో అని టెన్షన్ పడ్డాను. తీరా అడిగితే ఇంజన్ సామానుకు కరువే లేదు. ఇదే 796 సీసీ ఇంజన్‌ని ఓమ్నీకీ వాడారు, ఓమ్నీ 2019 దాకా తయారైంది. అందుకే పిస్టన్లు, రింగులు, టైమింగ్ బెల్టు, గ్యాస్కెట్లు అడగ్గానే కౌంటర్ మీద పెడుతున్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త: 796 సీసీ అన్న అంకె చూసి ఆల్టో సామాను తీసుకోవద్దు. ఆల్టో ఇంజన్‌కి వాల్వులు పన్నెండు, మన కార్బొరేటర్ బండికి ఆరే. హెడ్ గ్యాస్కెట్ కలవదు.

కార్బొరేటర్ కిట్టు మాత్రం తేలిగ్గా దొరకలేదు. "ఉంది" అన్న షాపులన్నీ లోకల్ కిట్లే చూపించాయి. కార్బొరేటర్‌లో ఉండే పల్చటి రబ్బరు పొర, పాత డయాఫ్రం, జేబులో పెట్టుకుని వెళ్లడం మంచిదైంది. పక్కన పెట్టి చూస్తే రంధ్రాల దూరం కూడా కుదరడం లేదు. చివరికి లోపలి వీధిలో ఓ పెద్దాయన షాపులో మారుతికి కార్బొరేటర్లు చేసిన యూకాల్ కంపెనీ వాళ్ల ప్యాకెట్ కనిపించింది. ఆయనే దాన్ని చింపి, డయాఫ్రంని వేళ్ల మధ్య మడిచి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూశాడు. "కొత్తదే అయినా ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్న రబ్బరు ఇది. మడిస్తే పగుళ్లు కనపడకూడదు. ఇనుపసామాను ఎప్పుడైనా దొరుకుద్ది బాబూ, రబ్బరు, ప్లాస్టిక్ దొరికినప్పుడే తీసుకో" అన్నాడు. ఆ రోజు నుంచి నేను సామాను కొనే పద్ధతే మారిపోయింది.

పార్ట్ నంబరు చదవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మారుతి నంబర్లలో ముందుండే ఐదంకెలు అది ఏ భాగమో చెబుతాయి. 13780 అంటే ఎయిర్ ఫిల్టర్, 16510 అంటే ఆయిల్ ఫిల్టర్. వెనక ఉండే అక్షరాలు, అంకెలను బట్టి అది ఏ బండిదో తెలుస్తుంది. కంపెనీ కొన్నిసార్లు పాత నంబరు తీసేసి, అదే భాగానికి కొత్త నంబరు ఇస్తుంది. కంప్యూటర్‌లో పాత నంబరు కొట్టి "రావడం లేదండీ" అంటే వదిలేయకుండా, దాని బదులు వచ్చిన నంబరు ఏమిటని అడగాలి. నాకు వెనక చక్రాల బ్రేకు సామాను అలాగే దొరికింది.

పెట్రోలు గొట్టాలు కూడా అప్పుడే మార్పించాను. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మా బండి తయారైన కాలంలో ఈ సంగతి ఎవరూ ఊహించలేదు. ఇథనాల్‌కి పాత రబ్బరు ఉబ్బుతుంది, గట్టిపడుతుంది, తర్వాత చిట్లుతుంది. వేడి ఇంజన్ పక్కన పెట్రోలు కారితే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. పాత కారున్న ప్రతి ఒక్కరూ, ఇంకేం మార్చినా మార్చకపోయినా, ఇథనాల్‌కి తట్టుకునే గొట్టాలు మాత్రం వేయించుకోండి.

కిట్టు వేసి, చోక్ రేకు శుభ్రం చేసి, పెట్రోలు, గాలి పాళ్లను సర్దే మిక్స్చర్ స్క్రూ సరిచేశాక పొల్యూషన్ పాసైంది. ఆర్టీవో ఆఫీసులో ఛాసిస్ నంబరు, లైట్లు, వైపర్లు, హారన్, బ్రేకులు చూశారు. ఫీజే బరువనిపించింది. 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజును 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. సామానుకు పెట్టిన ఖర్చు దాని ముందు పెద్దదిగా కనపడలేదు.

ఇప్పుడు బీరువాలో ఓ అర ఈ కారుదే. రెండో కార్బొరేటర్ కిట్టు, ఫ్యూయల్ పంపు, చోక్ కేబుల్, బ్రేకుల వీల్ సిలిండర్ రబ్బర్లు ఎండ తగలకుండా కవర్లలో పెట్టి, కొన్న తేదీ రాసి ఉంచాను. 1997లో ముందు భాగం మార్చేశారు కాబట్టి మా మోడల్ హెడ్‌లైట్లకు తుక్కు కింద విప్పిన బండ్లే దిక్కు. ఒక జత సంపాదించాను. వెనక అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ మాత్రం ఇంకా దొరకలేదు. వాన పడితే డిక్కీలోకి నీళ్లు దిగుతున్నాయి. వచ్చే నెల రాణీగంజ్ షాపుల్లో అడగడానికి సికింద్రాబాద్ వెళ్తున్నాను.