ఎర్ర గీత కుట్టిన కథ: నకిలీ సెల్వెడ్జ్ జీన్స్‌తో నా అనుభవం

రాయదుర్గంలో జీన్స్ కుట్టడం పెద్ద విశేషమేమీ కాదు. పక్కనే బళ్లారి. అక్కడ కట్ చేసిన బట్ట మూటలుగా ఇక్కడికి రావడం, ఇళ్లలోనో చిన్న యూనిట్లలోనో కుట్టించి తిరిగి పంపడం ఏళ్లుగా నడుస్తున్న పనే. మాదీ అలాంటి ఒక చిన్న జాబ్‌వర్క్ యూనిట్. ఆ మధ్య ఒక కొత్త పార్టీ శాంపిల్ ప్యాంటు పంపించి, "అచ్చం ఇట్లాంటివే కావాలి, రేటు చెప్పండి" అన్నాడు.

బయటికి చూస్తే మామూలు స్లిమ్ ఫిట్. కింద అంచు మడిస్తే మాత్రం సైడ్ కుట్టు లోపల రెండు పక్కలా తెల్లటి అంచు, అందులో సన్నని ఎర్ర గీత కనిపిస్తాయి. కుర్రాళ్లు ప్యాంటు కింద మడిచి తిరిగేది ఆ గీత కోసమే.

మా కటింగ్ మాస్టర్ ప్యాంటు తిరగేసి, సైడ్ కుట్టు మీద వేలితో ఒకసారి రాసి చూశాడు. "ఇది సెల్వెడ్జ్ కాదన్నా, పట్టీ వేసినారు" అన్నాడు. సెల్వెడ్జ్ అంటే మగ్గం మీదే మూసుకుని వచ్చే బట్ట అంచు. నాకు నమ్మకం కలగలేదు. బ్లేడు తీసుకుని జానెడు మేర కుట్టు విప్పాం. తెల్ల పట్టీ విడిగా చేతిలోకి వచ్చేసింది. దాని కింద మామూలు డెనిమ్, పోగులు ఊడకుండా అంచు చుట్టూ వేసే మామూలు ఓవర్‌లాక్ కుట్టు.

అసలు అంచు ఎలా వస్తుందో నేత పని తెలిసిన ఇళ్లలో చెప్పక్కర్లేదు. నాడె (షటిల్) పేక పోగును, అంటే అడ్డ దారాన్ని, ఈ చివర నుంచి ఆ చివరకు తీసుకుపోయి, తెంచకుండానే వెనక్కి తెస్తుంది. పోగు తిరిగిన చోట అంచు దానంతటదే మూసుకుంటుంది. ఎంత ఉతికినా దారాలు ఊడవు. పాత నాడె మగ్గాల మీద నేసే డెనిమ్ ఇంతే. వెడల్పు 28 నుంచి 32 అంగుళాలు మాత్రమే ఉంటుంది. తర్వాత వచ్చిన మగ్గాల్లో నాడె లేదు. పేక పోగును ప్రతిసారీ కత్తిరించేస్తాయి కాబట్టి బట్ట పక్కన కుచ్చులా మిగులుతుంది. బదులుగా వేగం ఎక్కువ, వెడల్పు రెండింతలు. అమెరికాలో కోన్ మిల్స్ వాళ్లు లీవైస్‌కి నేసే బట్ట అంచులో గుర్తుగా ఎర్ర దారం వేసేవాళ్లు. ఆ ఎర్ర గీతే తర్వాత ఫ్యాషన్ అయింది. ఆ బట్ట నేసిన గ్రీన్స్‌బరో వైట్ ఓక్ మిల్లు 2017 చివర్లో మూతపడింది. జపాన్‌లో ఒకాయామా వైపు పాత టొయోడా మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. కార్లు చేసే టొయోటా పుట్టింది ఆ మగ్గాల కంపెనీలోంచే. మన దేశంలో అహ్మదాబాద్‌లోని అరవింద్ మిల్లు కూడా సెల్వెడ్జ్ నేస్తుంది.

ఇంత కథ పార్టీకి అక్కర్లేదు. అతనికి కావాల్సింది ఆ గీత, అదీ మామూలు జీన్స్ రేటుకి.

రేటు దగ్గరే మొదటి పేచీ. "పట్టీ ఖర్చు ఎంతుంటుంది, మీటరుకు కొద్దిపాటి రూపాయలే కదా" అంటాడు. ఖర్చు పట్టీది కాదు, కుట్టుది. మామూలు ప్యాంటులో ముందు ముక్క, వెనక ముక్క కలిపి ఐదు దారాల ఓవర్‌లాక్ మెషీన్‌లో ఒక్కసారి లాగితే చాలు, జాయింటూ అవుతుంది, పోగులు ఊడకుండా అంచూ కట్టుకుంటుంది. రెండు కాళ్లకు రెండు లాగుళ్లు. అసలు సెల్వెడ్జ్ ప్యాంటుకూ రెండే. అంచు ముందే మూసుకుని ఉంటుంది కాబట్టి సింగిల్ నీడిల్‌తో కలిపి, కుట్టు విప్పార్చి ఇస్త్రీ పెడతారు, ఓవర్‌లాక్ పనే లేదు. నకిలీకి? నాలుగు ముక్కల అంచులకూ విడివిడిగా ఓవర్‌లాక్ చేయాలి, నాలుగింటికీ పట్టీ వేయాలి, ఆ తర్వాత రెండు జాయింట్లు. మొత్తం పది లాగుళ్లు, ఆ పైన ఇస్త్రీ. కాగితం మీద ఇదంతా రాసి ఫోన్‌లో పంపితే గానీ అతను దారికి రాలేదు.

మరి నిజం బట్టే కొనొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. అక్కడ దెబ్బ బట్ట మీద పడుతుంది. వెడల్పు సగమే కాబట్టి ఒక ప్యాంటుకి దాదాపు రెండింతల పొడవు బట్ట కావాలి. మీటరు ధర కూడా చాలా ఎక్కువ. పైగా ముక్కల సైడ్ అంచులన్నీ బట్ట అంచు మీదే రావాలి, కాబట్టి మార్కింగ్‌లో ముక్కల్ని ఇష్టమొచ్చినట్టు జరపడానికి ఉండదు.

రేటు కుదిరాక తొలి శాంపిల్ కుట్టి బళ్లారికి వాషింగ్‌కి పంపాం. తిరిగొచ్చిన ప్యాంటు చూసి మా సీనియర్ ఆపరేటర్ అక్క, "ఇదేంది సామీ, సైడ్ అంతా జాలరు మాదిరి అయిందే" అంది. నిజంగానే మోకాలి నుంచి కింది దాకా ముడతలు. డెనిమ్ మిల్లులోనే కుదింపు చేసి వస్తుంది, ఉతికితే పెద్దగా తగ్గదు. కాటన్ పట్టీ అలా కాదు, వేడి నీళ్లు తగిలేసరికి ముడుచుకుని బట్టను లాగేసింది. పార్టీ పంపిన పట్టీ చుట్టలన్నీ విప్పి, వేడి నీళ్లలో నానబెట్టి, దండెం మీద ఆరేశాం. యూనిట్ బయట అంత పొడుగు ఎర్ర గీత పట్టీలు వేలాడుతుంటే జాతరకు తోరణాలు కట్టారా అని అడిగినవాళ్లూ ఉన్నారు. తర్వాత కుట్టేటప్పుడు పట్టీని బిగించకుండా కాస్త వదులుగా వదిలితే ముడతలు పోయాయి.

రెండో ఇబ్బంది తుంటి దగ్గర. స్లిమ్ ఫిట్‌లో సైడ్ అంచు తుంటి దగ్గర వంపు తిరుగుతుంది. పట్టీ తిన్నగా నేసింది, వంపు తిరగదు. కుట్టు విప్పార్చగానే అక్కడ గుత్తిగా పోగవుతోంది. మాస్టర్ ఆలోచించి, జేబు సంచి కింది దాకా మాత్రమే పట్టీ వేసి పైన మామూలు ఓవర్‌లాక్‌తో సరిపెడదామన్నాడు. పైభాగం జేబు సంచి చాటున పోతుంది. అసలు సెల్వెడ్జ్ ప్యాంటుకి ఈ తిప్పలు వేరేలా ఉంటాయి. అంచు తిన్నగా ఉంటుంది కనుక సైడ్ కుట్టును వీలైనంత తిన్నగా ఉంచి, ఒంటికి కావాల్సిన ఆకారాన్ని లోపలి తొడ కుట్టు, వెనక యోక్ (నడుము పట్టీ కింది అడ్డ ముక్క), సీటు కుట్లలో తెస్తారు. బాగా వంపు తిరిగిన సైడ్ కుట్టు వెంబడి ఎర్ర గీత కూడా బుద్ధిగా వంపు తిరిగిందంటే అనుమానించండి.

కింద బాటమ్ మడతలో ఇంకో తంటా. ఓవర్‌లాక్, దాని మీద పట్టీ, మళ్లీ మడత కలిసి సైడ్ కుట్టు దగ్గర గుట్టగా తయారై సూదులు విరిగాయి. అక్కడ సుత్తితో రెండు దెబ్బలు వేసి అణిచాకే చైన్ స్టిచ్ వేశాం.

కొనేవాళ్లు నన్ను అడిగితే చూడమని చెప్పేది ఒక్కటే. సైడ్ కుట్టు విప్పారి ఉన్న చోట, నీలం బట్టకూ తెల్ల అంచుకూ మధ్య ఏముందో చూడండి. అసలు దానిలో నీలం పడుగు (నిలువు) పోగులు ఆగి తెల్ల పోగులు మొదలవుతాయి, పేక మాత్రం తెగకుండా ఇటు నుంచి అటు పోతుంది, మధ్యలో ఏ కుట్టూ ఉండదు. ముక్కల్ని కలిపిన జాయింట్ కుట్టు తప్ప రెండో కుట్టు వరస కనిపించినా, అంచు కింద నుంచి ఓవర్‌లాక్ దారం తొంగి చూసినా అది పట్టీయే.

అయితే మా ఆపరేటర్ అక్క మాట ఇంకొకటి ఉంది, నాకూ అదే నిజమనిపిస్తుంది. రిపేరుకి వచ్చే ప్యాంట్లలో సైడ్ కుట్టు చిరిగినవి అరుదు. చిరిగేది తొడల మధ్య, సీటు దగ్గర. శాంపిల్ ప్యాంటులో సైడ్‌కి అంత షోకు చేసినవాళ్లు లోపలి తొడకు మాత్రం ఉత్త ఓవర్‌లాక్ వేసి వదిలేశారు. అక్కడ రెండు అంచుల్నీ ఒకదానిలో ఒకటి మడిచి ఫీడ్ ఆఫ్ ది ఆర్మ్ మెషీన్ (ప్యాంటు కాలు లాంటి గొట్టాన్ని పొడవునా కుట్టేది) మీద జంట చైన్ కుట్టు వేస్తే, పోగులు బయటికే కనిపించవు, బలం కూడా. ఆ మెషీన్ మా దగ్గర ఉంది. లోపలి కుట్టు అలా వేద్దామని పార్టీని అడిగాను. "అది ఎవరికి కనిపిస్తుంది సార్" అన్నాడు. రేటు ఏమీ పెంచకుండా వేసిస్తానంటే ఒప్పుకున్నాడు.

ట్యాగుల దగ్గర మాత్రం కాస్త గట్టిగా మాట్లాడుకున్నాం. అతను పంపిన ట్యాగుల మీద ‘ఒరిజినల్ సెల్వెడ్జ్ డెనిమ్’ అని ఉంది. పట్టీ వేయడం తప్పని నేననను, చూడ్డానికి బాగానే ఉంటుంది. దాన్ని ఒరిజినల్ అని అమ్మడం వేరే సంగతి. ట్యాగులు మా యూనిట్‌లో కట్టేది లేదని చెప్పి వెనక్కి పంపేశాను. బిల్లులో కూడా ‘సైడ్ పట్టీ అటాచింగ్’ అనే రాశాను. తర్వాత వాటిని ఎక్కడ కట్టించుకున్నాడో నేను అడగలేదు.

ఇప్పుడు అదే పార్టీ కాయిన్ పాకెట్ అంచుకు కూడా ఆ ఎర్ర గీత కావాలంటున్నాడు. రేటు పంపించాం, ఇంకా జవాబు రాలేదు.