రాజ్‌భవన్‌కీ హైకోర్టుకీ మధ్య

నంద్యాల నుంచి బెంగళూరు బస్సెక్కితే కొడికొండ చెక్‌పోస్టు దాటగానే కర్ణాటక వచ్చేస్తుంది. బస్సు పరుగెత్తే జాతీయ రహదారి 44 కేంద్ర జాబితాలోది. మధ్యలో ఆపి కాగితాలడిగే పోలీసు రాష్ట్ర జాబితాలోవాడు. ఆయన రాసే చలానాకు ఆధారమైన మోటారు వాహనాల చట్టం ఉమ్మడి జాబితాది. కేంద్రానికీ రాష్ట్రాలకూ అధికారాలు పంచిన రాజ్యాంగం ఏడో షెడ్యూలు చదవడానికి కిటికీ సీటు చాలు. నేను బయల్దేరింది మాత్రం పంపకం చూడ్డానికి కాదు. పంపకాలయ్యాక కేంద్రం రాష్ట్రం వాటా మీద చెయ్యి వేస్తే అడిగేదెవరన్న తగాదా పుట్టిన చోటు చూడ్డానికి.

మా బావ వైట్‌ఫీల్డ్‌లో ఉంటాడు. ఆదివారం కబ్బన్ పార్కుకు పోదాం అంటే సరేనన్నాడు. రాష్ట్ర ప్రభుత్వాన్ని పక్కనపెట్టి రాష్ట్రపతి పాలన పెట్టే ఆర్టికల్ 356 సంగతి ముందే చెప్పుంటే మంచం దిగేవాడు కాదు. మెట్రో దిగి పైకొస్తే ఒకవైపు తెల్లటి విధాన సౌధ, 1956లో పూర్తయిన గ్రానైట్ కట్టడం. ఎదురుగా రోడ్డవతల ఎర్రటి అఠారా కచేరి, 1868 నాటిది. అందులో ఇప్పుడు హైకోర్టు. జీపీవో దిక్కుగా కాస్త నడిస్తే రాజ్‌భవన్. గొడవ పడ్డవాళ్లూ తీర్పు చెప్పేవాళ్లూ ఇరుగుపొరుగే.

కథ అక్కడే రెయిలింగు పక్కన మొదలుపెట్టాను. 1989 ఏప్రిల్. ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మై. మద్దతు ఉపసంహరించుకుంటున్నామంటూ 19 మంది ఎమ్మెల్యేల పేరిట లేఖలు గవర్నర్‌కు అందాయి. వాళ్లలో ఏడుగురు తమను తప్పుదారి పట్టించి సంతకాలు తీసుకున్నారని వెంటనే రాసిచ్చారు. 27న సభ పెట్టి బలం చూపిస్తానని బొమ్మై మొత్తుకున్నారు. గవర్నర్ వినలేదు, ఢిల్లీకి నివేదిక పంపారు. 21న రాష్ట్రపతి పాలన వచ్చేసింది.

"ఆ గవర్నర్ ఎవరో తెలుసా బావా? పెండేకంటి వెంకటసుబ్బయ్య. మన నంద్యాల ఎంపీగా చేసినాయనే."

"మనోడేనా!" అన్నాడు, కాస్త గర్వంగానే. గర్వపడాల్సిన సందర్భం కాదని చెప్పాల్సొచ్చింది.

"ఎన్టీఆర్‌ను దించింది కూడా దీంతోనేనా?"

కాదు. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ 356 జోలికి పోకుండా తానే నేరుగా దించేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. ఎన్టీఆర్ వైపు ఎమ్మెల్యేలు చేజారకుండా వాళ్లను కర్ణాటకలోనే దాచారు. అప్పుడిక్కడ ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ గద్దెనెక్కారంటే అది జనం పోరు, కోర్టు తీర్పు కాదు. జనం ప్రతిసారీ రోడ్డెక్కలేరు కదా.

అందుకే బొమ్మై కేసు నాకు పెద్దదనిపిస్తుంది. ఎదురుగా ఉన్న ఈ హైకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. 1994 మార్చి 11న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. వాళ్లలో ఇద్దరు తెలుగువాళ్లు, బి.పి. జీవన్ రెడ్డి, కె. రామస్వామి. మెజారిటీ లెక్క తేలాల్సింది సభలో, రాజ్‌భవన్ గదిలో కాదన్నారు. రాష్ట్రపతి పాలన ప్రకటనను కోర్టు పరిశీలించవచ్చన్నారు. పార్లమెంటు ఆమోదించేదాకా అసెంబ్లీని రద్దు చేయకూడదు, సుప్తావస్థలో మాత్రమే ఉంచాలి. ప్రకటన చెల్లదని తేలితే పోయిన ప్రభుత్వాన్ని తిరిగి నిలబెట్టే అధికారమూ కోర్టుకుంది.

ఆ తీర్పు 2018లో ఇదే విధాన సౌధలో పనికొచ్చింది. బీజేపీ ముఖ్యమంత్రి యడియూరప్పకు బలం చూపేందుకు గవర్నర్ 15 రోజులిస్తే, సుప్రీంకోర్టు మే 19నే పరీక్ష పెట్టమంది. ఓటింగుకు ముందే ఆయన రాజీనామా చేశారు. ఆ గొడవలో కాంగ్రెస్, జేడీఎస్ ఎమ్మెల్యేలు బస్సుల్లో హైదరాబాద్ చేరారు, 1984 బాకీ తీర్చినట్టు.

బై టు కాఫీ చెప్పాక బావ అసలు ప్రశ్న అడిగాడు. "ఇంతకీ బొమ్మైకి పదవి తిరిగొచ్చిందా?"

రాలేదు. తీర్పొచ్చేసరికి ఎన్నికలు ఎప్పుడో జరిగిపోయాయి. ఆయన్ను దించడం రాజ్యాంగ విరుద్ధమన్నారు, అంతే. పదవి దక్కింది 2016లో అరుణాచల్ ముఖ్యమంత్రి నబం తుకికి, అదీ కొద్దిరోజులే. ఇంకో తమాషా ఉంది. 1992లో మూడు రాష్ట్రాల్లో బీజేపీ ప్రభుత్వాలను తొలగించడం సరైనదేనని చెప్పిందీ బొమ్మై పేరున్న ఈ తీర్పే. ఆయన కొడుకు బసవరాజ్ బొమ్మై 2021లో ముఖ్యమంత్రి అయింది ఆ పార్టీ తరఫునే.

"రాజకీయం!" అని బిల్లు కట్టడానికి లేచాడు బావ.